వేలెడు ఖాళీ

ఒక పోస్టుకార్డు మీద రాసిన రెండు మాటలను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ బరువు ఎక్కడ ఉంటుందో కూడా నాకు తెలుసు. భజన మందిరంలో పురాణం విప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పద్యం ఎత్తుకునే ముందు ఒక గుటక మింగుతాను. ఆ గుటకలో ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు గొంతు సవరించుకుంటున్నానని అనుకుంటారు. ప్రతి శనివారం అలాగే అనుకుంటారు.

దేవుడికి చెప్పుకోలేదా అని మీరు అడగవచ్చు. చెప్పుకున్నాను. ఎన్నిసార్లో నాకే తెలియదు. ఆయనకు చెప్పడంలో కష్టం లేదు, ఆయనకు ముందే తెలుసు. తెలియని మనిషికి చెప్పాలి. మొదటినుంచీ చెప్పాలి. వింటున్న మొహం మారుతుందని తెలిసి కూడా చెప్పాలి. అది నేను చేయలేదు. మీ మొహం నాకు కనిపించదు కాబట్టి ఇప్పుడు చేస్తున్నాను. ఇందులో కూడా కొంత పిరికితనం ఉంది. ఉండనివ్వండి.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. చిట్టమూరులో బస్సు దిగి, పొలాలు అయిపోయి ఇసుక మొదలయ్యేదాకా తూర్పుకు నడవాలి. ఊరంతా వల మీద బతికేవాళ్లమే. మా నాన్న, మా తాత, మా అన్న, అందరూ. నేనొక్కడినే గూడూరులో చదువుకుని, మాస్టరు ట్రైనింగు అయ్యి, మా ఊరి బడికే వచ్చాను. అరవైల్లో మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. పగలు పిల్లలకు ఎక్కాలు, శనివారం సాయంత్రం మందిరంలో పురాణం. ఊళ్లో నన్ను అయివోరా అని పిలిచేవాళ్లు. పురాణం చదివే నోటి నుంచి అబద్ధం రాదని మా వాళ్ల నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేది.

సరస్సులో చేప అన్ని చోట్లా ఒకేలా పడదు. మా ఊరికి వల కట్టే చోట్లు నాలుగు. వాటిలో మొగ దగ్గరిది, అంటే సరస్సు సముద్రంలో కలిసే నోటి దగ్గరిది, అన్నిటికన్నా మంచిది. కార్తీక అమావాస్య పోటుకు అక్కడ వల కట్టిన ఇంటికి ఆ ఏడాది దిగులు ఉండదు. అందుకని పెద్దలు ఎప్పుడో వంతులు పెట్టారు. ముప్పై ఆరు ఇళ్లు. రోజుకు నాలుగు చోట్లు, నాలుగు ఇళ్లు. తొమ్మిది రోజులకు అందరికీ ఒకసారి వస్తుంది. మళ్లీ మొదలైనప్పుడు చోట్లు మారతాయి. పెద్ద పడవ ఉన్నవాడికి ఎక్కువ లేదు, నోరు లేనివాడికి తక్కువ లేదు.

ఈ వరసంతా ఊరి పెద్ద పోలయ్య తాత తలలో ఉండేది. ఆయన దగ్గర తాడుకు గుచ్చిన ముప్పై ఆరు గవ్వలుండేవి. వాటిని వేళ్లతో జరుపుతూ, ఎవరు వచ్చి అడిగినా, రాబోయే నెలలో వాళ్ల వంతు ఏ రోజో చెప్పేవాడు. ఎనభై దగ్గర పడ్డాక వేళ్లు తడబడ్డాయి. ఒకరోజు మొగ దగ్గరికి రెండు ఇళ్లవాళ్లు వలలు తీసుకుని వచ్చి, తెడ్లతో కొట్టుకున్నారు. ఒకడి చెయ్యి విరిగింది. తాత ఆ సాయంత్రం మందిరం మెట్ల మీద కూర్చుని, పెద్దవాడు ఏడవకూడని విధంగా ఏడ్చాడు.

ఆ ఎండాకాలమే ప్రొఫెసరు గారు వచ్చారు. మద్రాసులో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే తెలుగాయన. రొయ్యలు ఏ నెలలో ఎలా వస్తాయో రాసుకోవడానికి వచ్చి, మా వంతుల సంగతి విని, రొయ్యలను మరిచిపోయారు. రెండు రోజులు తాత పక్కనే కూర్చున్నారు. చివరికి, "తాతా, నువ్వు చేసే పని మా దగ్గర గదంత యంత్రం చేస్తుంది" అన్నారు.

"అయితే ఈ గవ్వలు దానికిచ్చేయ్ నాయనా. నేను పోయి పండుకుంటా" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. ప్రొఫెసరు గారు నవ్వలేదు. ఏడేళ్ల వంతులు ఒకేసారి వేసి అచ్చు తీసి ఇస్తానన్నారు. కంప్యూటరు అనే మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ సెలవుల్లో ఆయన నాలుగు ఆదివారాలు వచ్చారు. నాకు చదువు వచ్చు, ఊరి కట్టుబాట్లూ తెలుసు కాబట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన చెప్పిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "రాయడానికి తొందరపడొద్దు మాస్టారూ. ముందు గీయాలి. కాగితం మీద తప్పుకు రబ్బరు చాలు. యంత్రం చదివే అట్ట కార్డులకు చిల్లులు పడ్డాక ఏ రబ్బరూ పనికిరాదు. యంత్రం మనకు పదిహేను రోజులకు ఒక అరగంట దొరుకుతుంది. అది చెప్పింది చేస్తుంది. చెప్పనిది చేయదు."

గీయడమంటే ఇదీ. చేయవలసిన పనికి నలుచదరం గడి. అడగవలసిన ప్రశ్నకు నిలువుగా తిప్పిన చదరం, గాలిపటం లాగా. దాని ఒక మూల నుంచి అవును అనే గీత, ఇంకో మూల నుంచి కాదు అనే గీత. ఒక గడి నుంచి ఇంకో గడికి బాణం. అంతే. ఇంతకంటే ఏమీ లేదు. కానీ ఆ నాలుగు రకాల గీతలతో తాత తల మొత్తం కాగితం మీదికి దిగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. పోయిన తడవ ఇదే చోటు వచ్చిందా? వస్తే ఈసారి వేరే చోటు. గంగమ్మ జాతర రోజా? అయితే ఎవరికీ లేదు. మా తాతల తాతలు తిట్టుకుంటూ, రాజీపడుతూ, చచ్చి బతికి కట్టుకున్న నీతి అంతా ఒక గడి తరవాత ఒక గడిగా నిలబడింది.

పూజకు ముందు సంకల్పం చెబుతాం. ఏ చోట, ఏ కాలంలో, ఎవరి పేరున, దేనికోసం. ఇంకా పువ్వు వేయలేదు, దీపం చూపలేదు, కానీ పూజ అప్పటికే అయిపోయినంత పని. పేరు సంకల్పంలో పడితే ఫలం చేరుతుంది. పడకపోతే వెయ్యి పువ్వులు వేసినా చేరదు. నాకు చిన్నప్పుడు మందిరంలో నేర్పినది ఇది. ప్రొఫెసరు గారు గీయిస్తున్నదీ ఇదే అనిపించింది. యంత్రం ఎక్కడో మద్రాసులో ఉంది. దాన్ని నేను చూడలేదు, ఈనాటికీ చూడలేదు. కానీ అది ఏం చేయబోతుందో ఇక్కడ, ఈ అరుగు మీద, పెన్సిలుతో నిర్ణయమైపోతోంది. సృష్టి కూడా ఇలాగే ముందు ఎవరి మనసులోనో గీతగా ఉండి ఉంటుంది కదా అనుకున్నాను. భక్తితోనే అనుకున్నాను. ఆ గీసే చెయ్యి నాదని కొంచెం గర్వం కూడా ఉండింది. ఎంత ఉండిందో అప్పుడు తెలియలేదు.

తాత చెప్పిన కట్టుబాట్లలో ఆఖరిది ఇది. "మొగోడు నీళ్లలో పోయిన ఇంటికి వంతు తీయగూడదు. బిడ్డలు చేతికొచ్చిందాకా ఊళ్లో ఎవరో ఒకరు ఆమె తరపున వల కట్టి సగం పెట్టాల. రాసుకున్నావా అయివోరా?"

రాసుకున్నాను.

అప్పుడు ఊళ్లో అలాంటి ఇల్లు ఒక్కటే. ఆదెమ్మ ఇల్లు. ఆమె భర్త మస్తానయ్య రెండేళ్ల కిందట మొగ దగ్గర పడవ తిరగబడి పోయాడు. మూడో రోజున దొరికాడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది నా బడిలోనే రెండో తరగతి. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి ఆదెమ్మను అక్కా అనేవాణ్ణి. పురాణానికి అందరికంటే ముందు వచ్చి, వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునేది.

మూడో ఆదివారం ప్రొఫెసరు గారు, గీసినదాన్ని నడిపి చూద్దాం అన్నారు. యంత్రం నడిచినట్టు మనమే నడవాలట. కాగితం చాలదు కాబట్టి ఇసుక మీద గీశాం. పొద్దున్నే, నీళ్లు వెనక్కి తీసిన తడి ఇసుక, పలక లాగా ఉంది. తెడ్డు కొసతో నేను గీశాను. ఒక్కో గడి మనిషి నిలబడేంత. ఇంటికి ఒకరు వచ్చి, చేతిలో తమ ఇంటి నంబరు రాసిన పెంకు పట్టుకుని, మొదటి గడిలోంచి నడవడం మొదలుపెట్టారు. ప్రశ్న గడి దగ్గర ఆగడం, జవాబు చెప్పడం, ఆ గీత వెంట పోవడం.

తిరగేసిన పడవ మీద కూర్చున్న పోలయ్య తాతకు చాలా రోజుల తరవాత హుషారొచ్చింది. "ఒరే ఎంకటేసా, ఆ కాదు గీత మీద నిలబడినావేందిరా? ఇంట్లో ఎప్పుడన్నా కాదన్నావా నువ్వు?"

"ఇక్కడన్నా అననీ తాతా, ఇసకేగదా" అన్నాడు వెంకటేశు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అలా నడుస్తూ నడుస్తూ ఒక్కొక్క ఇల్లూ తన చోటికి చేరింది. ఎవరూ ఎవరినీ తోయలేదు. ఎవరూ అరవలేదు. అంతకుముందు తెడ్లతో కొట్టుకున్న ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, కొత్త పెళ్లికొడుకుల్లాగా ఒద్దికగా నడిచారు. తాత పడవ దిగి వచ్చి ఆ ఇసుక గీతలకు చేతులు జోడించాడు. ప్రొఫెసరు గారు టోపీ తీసేశారు. నేను ఇప్పటిదాకా చాలా గుళ్లు చూశాను. ఆ పొద్దున ఆ ఇసుక మీద ఉన్నంత నిశ్శబ్దం ఎక్కడా వినలేదు.

అందరూ ఆ చివర గుమికూడి ఉంటే, పదిహేడో నంబరు పెంకు పట్టుకుని ఆదెమ్మ ఒక్కతే మధ్యలో ఆగిపోయి ఉంది. వల కట్టే మగదిక్కు ఉందా అనే ప్రశ్న గడి దగ్గర.

"అయివోరా, నేనెటు పోవాల? ఈ పక్క దారి లేదే."

"అది ఇంకా గీయలేదక్కా. నీ దారి కొంచెం మెలికలుగా ఉంది. కాగితం మీద గీస్తా."

"మెలికలుంటే ఉండనీలే. దారుంటే చాలు." నవ్వింది. "అందాకా ఈడనే నిలబడేదా? కాళ్లు లాగతా ఉండాయి."

"పక్కకొచ్చి నిలబడక్కా."

గీత దాటి పక్కకు వచ్చింది. "పురాణం చదివేటోడివి. నువ్వు మర్చిపోతావా?" అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. కాసేపటికి నీళ్లు వచ్చి గడులన్నీ తీసుకుపోయాయి.

నేను మర్చిపోలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. మర్చిపోయి ఉంటే ఇదంతా రాయవలసిన అవసరం లేదు.

నాలుగో ఆదివారం, శుభ్రంగా తిరగరాసే కాగితంలో ఆ ప్రశ్న గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ కట్టుబాటు సూటిగా గీతల్లోకి వచ్చేది కాదు. ఆమె తరపున వల ఎవరు కట్టాలి? ఆ మనిషి సొంత వంతు అదే రోజు వస్తే ఏం చేయాలి? ఒక ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్న. తాతను మళ్లీ అడగాలనుకున్నాను. కాదు అనే గీతను కొంత దూరం లాగి, దాని తరవాత వేలెడు ఖాళీ వదిలి, అవతల 'తర్వాతి ఇల్లు' అనే గడి వేశాను. ఆ ఖాళీలో ఆదెమ్మ గడి రావాలి. ఇంతలో ప్రొఫెసరు గారు బయలుదేరారు. గూడూరులో మద్రాసు రైలు అందుకోవాలి. పూర్తి కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. కాగితం ఇచ్చేశాను. జాబు రాద్దాంలే అనుకున్నాను. ఇక్కడిదాకా నేను సోమరిని మాత్రమే.

ఆ వారంలో, ఊరికే, సరదాకు, తాత గవ్వలు అడిగి తెచ్చుకుని అచ్చు రాకముందే వంతులు వేసి చూశాను. యంత్రం లాగా నేనే నడిచాను. ఒకసారి ఆదెమ్మ ఇంటితో. ఒకసారి ఆదెమ్మ ఇల్లు లేకుండా, కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా. ఇంటితో నడిపితే, రాబోయే కార్తీక అమావాస్యకు మొగ దగ్గరి చోటు ఆదెమ్మది. ఇల్లు లేకుండా నడిపితే మా అన్నది.

మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

మా అన్న ఆ యేడు చిరిగిన వలనే మళ్లీ మళ్లీ అల్లుకుంటున్నాడు. ముగ్గురు పిల్లలు. నన్ను చదివించింది ఆయనే. నన్నేమీ అడగలేదు. ఆయనకేమీ తెలియదు. నేను కూడా ఏమీ అనుకోలేదు. గవ్వలు తీసుకెళ్లి తాతకు ఇచ్చేశాను. జాబు మాత్రం రాయలేదు. ఈ రోజు రాద్దాం, రేపు రాద్దాం.

అప్పుడు ప్రొఫెసరు గారి దగ్గరినుంచే పోస్టుకార్డు వచ్చింది, జవాబు కార్డు జతపరిచి. 'కార్డులకు చిల్లులు వేయించే ముందు ఒక సందేహం. మగదిక్కు ప్రశ్న దగ్గర కాదు గీతకూ, తర్వాతి ఇల్లు గడికీ మధ్య వేలెడు ఖాళీ ఉంది. అక్కడ ఏదైనా రావాలా? లేక గీత కలిపేయమంటారా?'

ఆ కార్డు పట్టుకుని బడి అరుగు మీద కూర్చున్నాను. లోపల పిల్లలు పదమూడో ఎక్కం పాడుతున్నారు. ఆదెమ్మ పెద్ద కూతురి గొంతు కూడా అందులో ఉంది.

జవాబు కార్డు మీద రాశాను. 'ఏమీ రాదు. కలిపేయండి.'

ఎందుకు రాశాను? ఇన్నేళ్లలో దీనికి ఎన్ని జవాబులు చెప్పుకున్నానో. అన్న కోసమా? అవును. కానీ అంతేనా? సగం పని ఇచ్చి పంపానని ఒప్పుకోవలసి వస్తుందనే సిగ్గు లేదా? ఉంది. ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి అన్నిటికంటే కష్టమైనది. ఆ మెలిక లేకుండా బొమ్మ అందంగా ఉంది. గీతలు సూటిగా ఉన్నాయి. నా చేత్తో గీసిన ఆ నిర్మలమైన దాన్ని, ఒక విధవరాలి ఇంటికోసం మూడు గడులు ఇరికించి వంకర చేయడం నాకు ఇష్టం లేకపోయింది. భక్తితో మొదలుపెట్టిన పని మీద నాకు అంత మోహం పుట్టింది. ఈ మూడింట్లో ఏది పెద్దదో నాకు తెలియదు. తెలుసుకుంటే తేలిక అవుతుందా? కాదనుకుంటాను.

దీపావళికి ముందు అచ్చు వచ్చింది. వెడల్పాటి కాగితం, మడతలు మడతలుగా, రెండు అంచుల్లో వరసగా చిల్లులు. కట్ట విప్పితే మందిరం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది. అన్నీ అంకెలే. మా వాళ్లు అంత తీరైన రాతను ఎప్పుడూ చూడలేదు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క మరక లేదు. మనిషి చేత్తో రాసింది కాదు అన్నారు. నిజమే కదా. ఆడవాళ్లు మొదటి మడతకు పసుపు రాసి, కుంకుమ పెట్టారు. స్వామి పటం ముందు పళ్లెంలో పెట్టి హారతి ఇచ్చారు. తెడ్ల గొడవ గుర్తుండి, పెద్దలు కాగితం చదవకముందే కర్పూరం వెలిగించి కట్టడి చేశారు. ఇందులో ఏముంటే అదే. ఏడేళ్లదాకా ఎవరూ మార్చకూడదు. మార్చమని అడగకూడదు.

ఆ అంకెలు చదవగలిగేది నేనొక్కడినే. ఒకటో నంబరంటే ఎవరిల్లో, రెండంటే ఎవరిల్లో.

చదివాను. పురాణం చదివే చోటే కూర్చుని, అదే గొంతుతో. ఒక్కో ఇంటి పేరు రాగానే జనం గోవిందా అన్నారు. మొదటి రోజు నాలుగిళ్లు. రెండో రోజు నాలుగిళ్లు. ఆదెమ్మ స్తంభం దగ్గర ఇద్దరు పిల్లల్నీ ముందు కూర్చోబెట్టుకుని ఉంది. ప్రతి గోవిందకూ ఆమె కూడా చేతులెత్తింది. పదహారు వచ్చింది. తరవాత పద్దెనిమిది. పద్దెనిమిదికి కూడా చేతులెత్తింది.

ఒక్కటి చెప్పాలి. కాగితంలో లేకపోయినా నేను పదిహేడు అని చదవగలిగి ఉండేవాణ్ణి. ఎవరికి తెలుస్తుంది? కానీ స్వామి ముందు కూర్చుని, కాగితంలో లేనిది చదివితే అబద్ధమవుతుందని ఆగాను. నవ్వకండి. ఆ క్షణంలో నేను నిజంగా అలాగే అనుకున్నాను. మనసు ఎంత నీచానికైనా ఒక ధర్మాన్ని తెచ్చి తొడుగుతుందని ఆ రోజు తెలుసుకున్నాను.

కాగితంలో తొమ్మిది రోజులు అయిపోయాయి. అందరికీ ఒక వంతు రావలసిన రోజులు. నేను తల ఎత్తాను.

"చదివేసినావా అయివోరా?" అంది ఆదెమ్మ.

"చదివేశానక్కా."

"అంతేనా?"

"యంత్రం ఇచ్చింది అంతే అక్కా."

కర్పూరం కట్టడి ఉంది కదా, ఏం అంటుంది? వెలిగిన పళ్లెం వైపు చూసి, లెంపలు వేసుకుని, పిల్లలను లేపుకుని వెళ్లింది. తనే ఏదో తప్పు చేసి ఉంటానన్నట్టు.

పోలయ్య తాత ఆ రాత్రి నిద్రపోలేదట. మర్నాడు బడి దగ్గరికి కర్ర పట్టుకుని వచ్చాడు. "ఒరే, ఆ నీళ్లలో పోయినోళ్ల కట్టుబాటు నీకు చెప్పినానా? చెప్పలేదా?" అని అడిగాడు. నేను పలక తుడుస్తున్నాను. తుడుస్తూనే ఉన్నాను. "చెప్పలేదేమో. నా బుర్ర పోయింది. యంత్రం ఎందుకు తప్పు చేస్తాది" అనుకుంటూ తిరిగి వెళ్లాడు. ఆ మరుపు తనదేననుకుంటూ రెండేళ్లు బతికి పోయాడు. ఆఖరి రోజుల్లో కనిపించినవాళ్లందరినీ ఆదెమ్మ ఇంటికి ఒక చేప ఇచ్చి రమ్మనేవాడట.

కార్తీక అమావాస్యకు మా అన్న మొగ దగ్గర వల కట్టాడు. మా ఇంటి గుమ్మం ముందు రొయ్య ఎండబెట్టడానికి చాపలు చాలలేదు. వదిన నాకు గిన్నె నిండా పెట్టింది. తిన్నాను.

ఆదెమ్మకు ఊరు అన్యాయం చేయలేదు. వంతు లేదు కానీ, ఎవరి వల నిండితే వాళ్లు ఆమె గుమ్మంలో నాలుగు చేపలు వేసి పోయేవాళ్లు. హక్కుగా రావలసింది దయగా వచ్చింది. రెండేళ్లు అలా తీసుకుంది. తరవాత పిల్లలతో ముత్తుకూరు వైపు ఉప్పు మడుల్లో పనికి వెళ్లిపోయింది. పెద్దదానికి చదువు వచ్చేది. ఐదో తరగతి నా దగ్గర పూర్తి చేయలేదు.

ఒకసారి చెప్పేద్దామని వెళ్లాను. బస్సులు మారి, అడుగుతూ అడుగుతూ. మధ్యాహ్నం ఎండకు ఉప్పు కుప్పలు చూడలేనంత తెల్లగా ఉన్నాయి. తల మీద గంప దించి నన్ను చూసి, మొహమంతా విప్పారేలా నవ్వింది. పాదాలు పగిలి ఉన్నాయి. కుండలోని నీళ్లు ఇచ్చింది. ఊళ్లో అందరి పేర్లూ వరసగా అడిగింది. శనివారం పురాణం ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. చెప్పాను. నేను వచ్చిన పని తప్ప అన్నీ చెప్పాను. బయలుదేరేటప్పుడు గుడ్డలో ఉప్పు మూటకట్టి ఇచ్చింది. "స్వామి ప్రసాదంలో ఎయ్యి అయివోరా. నా పేరు చెప్పి ఎయ్యి."

ఆమె పేరు చెప్పి వేశాను. అదొక్కటి చేశాను.

ఆమె పోయిందని చాలా ఏళ్లకు తెలిసింది. పిల్లలు ఎటు వెళ్లారో ఎవరూ చెప్పలేకపోయారు.

పోయిన నెలలో మందిరం గోడలు బాగుచేస్తూ పాత పెట్టె విప్పారు. అడుగున ఆ కాగితపు కట్ట ఉంది. కుంకుమ నల్లబడింది. దాని మడతల్లోనే, అచ్చుతో పాటు ప్రొఫెసరు గారు తిప్పి పంపిన నా బొమ్మ. నేను దాన్ని అప్పుడు చూడలేదు, చూడకుండానే కట్టేశాను. నా పెన్సిలు గీతలు మాసినా కనిపిస్తున్నాయి. మగదిక్కు ఉందా అనే గడి. కాదు అనే గీత. అది ఆగిన చోటు నుంచి తర్వాతి ఇంటి దాకా, ఎర్ర సిరాతో, ఆయన కలిపిన వేలెడు గీత. పెన్సిలు అంతా నాది. ఆ ఎరుపు ఒక్కటే ఆయనది. అది కూడా నన్ను అడిగి గీసిందే.

"ఏంది అయివోరా అది?" అని అడిగారు. "పాత కాగితం" అన్నాను. ఇంటికి తెచ్చుకున్నాను.

ఇది రాసే ముందు సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆ ఎర్ర గీత మీద ఆ గడులు వేసి చూశాను. ఒక ప్రశ్న, దాని కింద ఇంకొకటి, పక్కన ఒక పని. చిన్నగా వేస్తే సరిపోయాయి. ఆ చోటు అప్పుడూ సరిపోయేదే. ఇప్పుడు వేస్తే ఏ యంత్రమూ నడవదు, ఏ వలా నిండదు, నాకు తెలుసు. దీనికి క్షమ ఉందో లేదో నేను అడగడం లేదు. అడగవలసినవాళ్లు లేరు. స్వామిని అడిగితే ఆయన క్షమిస్తాడేమోనని భయం. ఆమె ఇవ్వనిది ఆయన దగ్గర తీసుకోలేను.

కానీ ప్రొఫెసరు గారు ఒక ప్రశ్న అడిగారు. దానికి నేను తప్పు జవాబు రాశాను. సరైన జవాబు ఇన్నేళ్లుగా గొంతులో ఉంది. అక్కడ ఏదైనా రావాలా అని అడిగారు.

రావాలి. అక్కడ ఆదెమ్మ రావాలి.